స్నాపర్ల కరువుకు దోషి గోలియత్ గ్రూపరేనా?

ఫ్లోరిడాలో సెలవురోజున గాలం పట్టుకుని పడవెక్కే మిత్రులు ఒకే సందేశాన్ని ఈ నెలలో నాలుగుసార్లు పంపారు. గోలియత్ గ్రూపర్ అనే భారీ సముద్రపు చేప మనుషులను మింగుతుందట, 200 ఏళ్లు బతుకుతుందట, దాని మాంసం ఒంటికి మంచిదట, పగడపు దిబ్బల మీద మనం గాలం వేసే స్నాపర్ చేపలన్నిటినీ అదే తినేసింది కాబట్టి వేటపై ఆంక్షలన్నీ ఎత్తివేయాలట.

మొదటి మూడింటికి మూడు వాక్యాలు చాలు. సందేశంతో వచ్చిన వీడియోలో అది మింగుతున్నది గాలానికి చిక్కిన నాలుగడుగుల సొరచేపను, మనిషిని కాదు. వయసు లెక్కకట్టిన వాటిలో అన్నిటికన్నా ముసలిది 37 ఏళ్లది. పెద్ద చేపల మాంసంలో పాదరసం పేరుకుపోతుంది కనుక ఆరోగ్యం ఊసెత్తకపోవడమే మేలు.

నాలుగో ఆరోపణే హానికరమైనది. 1961లో ఫెర్నాండినా బీచ్ వద్ద గాలానికి పడిన గోలియత్ 308 కిలోలు తూగింది; అంత దేహం చూస్తే ఎదురైనదల్లా తింటుందనిపించడం సహజమే. కానీ వాటి ఆహారాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలకు ప్రధానంగా కనిపించినవి పీతలు, నెమ్మదిగా కదిలే చేపలు. మునిగిన ఓడల నీడలోనో దిబ్బల అంచుల కిందనో పొంచి ఉండి, దగ్గరికొచ్చిన దాన్ని నీటితో సహా నోట్లోకి లాగేసుకోవడమే దాని పద్ధతి. చురుకైన స్నాపర్‌ను తరిమి పట్టడం కాదు. గాలానికి తగిలి గిలగిలలాడే స్నాపర్‌ను మాత్రం అది వదలదు, ఆ విషయంలో మిత్రుల కోపం న్యాయమే. అయితే మనం వడ్డించిన విస్తరిలో చెయ్యిపెట్టిన వాడే ఊళ్లోని గాదెలన్నీ ఖాళీ చేశాడని తీర్పు చెప్పడం ఏ న్యాయశాస్త్రమో నాకు అంతుపట్టదు. మనుషులు గాలాలతో, ఈటె తుపాకులతో వేటాడి 1990లో నిషేధం పెట్టవలసినంతగా గోలియత్‌లను తగ్గించేదాకా, ఈ రెండు రకాలూ ఒకే దిబ్బల మీద తరతరాలుగా బతికాయి కదా. అప్పుడు వాటికి ఆకలి వేయలేదా?

నిషేధం తరువాత వాటి సంఖ్య పెరిగిందన్న మాట నిజం, ఒప్పుకుంటున్నాను. అందుకే ఫ్లోరిడా 2023 నుంచి లాటరీ పద్ధతిలో ఏటా 200 వరకు పట్టనిస్తోంది. కానీ అనుమతించిన కొలత 24 నుంచి 36 అంగుళాలు. పుట్టిన అయిదారేళ్ల వరకు ఈ చేపలు ఎర్ర మడచెట్ల వేళ్ల మధ్యనే పెరుగుతాయి కనుక, ఆ కొలతకు దొరికేవి చాలావరకు పగడపు దిబ్బ ముఖమే చూడని పిల్ల చేపలు. 2010 జనవరిలో చలిగాలులకు ఆ లోతులేని నీళ్లలో ఎన్నో పిల్లలు చచ్చిపోయాయి. ఇళ్ల కోసం, పడవల రేవుల కోసం మడలను నరికేసిన చోట్ల మిగిలిన వాటికీ నిలువ నీడ లేదు. ఇంత పొడవాటి సందేశంలో మడ అన్న మాట ఒక్కసారీ కనిపించలేదు.