నాటకానికి ప్రేక్షకుడి బెడద

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు ఏ ఊళ్లో ఏ వేదిక చూసినా ఒకటే బెంగ: జనం నాటకాలకు రావడం మానేశారని. ఇంత అర్థంలేని బెంగ మరొకటి లేదు. జనం రావడం లేదు కాబట్టే నాటక పోటీలు పెట్టే మన పరిషత్తులు ఇంత ప్రశాంతంగా నడుస్తున్నాయి. నిజంగానే వస్తే కూర్చోబెట్టడానికి చోటేది? ముందు వరుసలు దాతలవి, వాటి వెనక కార్యవర్గం, ఆ వెనక బహుమతి కోసం వచ్చిన నాటక సమాజాలవాళ్లు.

ప్రేక్షకుడి వల్ల తెలుగు నాటకం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడుతున్న రోజుల్లో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తే చాలు, జనంలోంచి ‘వన్స్ మోర్’. మళ్లీ అదే పద్యం, మళ్లీ అదే రాగం. పడక సీను దాటి రాయబారం చేరేసరికి కోడి కూసేది. ఒక్క కృష్ణుడు చాలక ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పంచుకుని ఆడేవారు. హరిశ్చంద్రలో అయితే కాటిసీను కోసమే ప్రత్యేకంగా ఒక హరిశ్చంద్రుడు దిగేవాడు. జనం బండ్లు కట్టుకుని వచ్చి, చాపలు పరుచుకుని, తెల్లార్లూ కదిలేవారు కాదు. ఇంత జనం మధ్య కళ ఎలా వికసిస్తుంది?

1880లో రాజమండ్రిలో వ్యవహార ధర్మబోధిని ఆడించినప్పుడు వీరేశలింగం గారూ, 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడినప్పుడు గురజాడ వారూ ఎదురుగా కూర్చున్న మనిషికి ఏదో చెప్పాలని తాపత్రయపడ్డారు. పెద్దవాళ్లు, తప్పుపట్టలేం. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. తర్వాత ఊరూరా పరిషత్తులు, పోటీలు వచ్చాయి. నాటకం ఎవరికోసం ఆడాలో అప్పటికి గానీ తేలలేదు. న్యాయనిర్ణేతలు ముగ్గురు. ముగ్గురు చూస్తే చాలు.

వాళ్ల బల్ల మీద చిన్న బల్బు, కాగితాలు, పక్కన బిస్కెట్ల ప్లేటు. హాల్లో మిగిలిన వాళ్లందరూ వేదికను కాక ఆ బల్లను చూస్తుంటారు. తండ్రి పాత్రధారి గుండె పట్టుకుని కూలిపోయే ఘట్టంలో న్యాయనిర్ణేత పెన్ను కదిలిందా లేదా అన్నదే సస్పెన్స్. చూసేవాళ్లు రేపో ఎల్లుండో తమ నాటిక ఆడాల్సినవాళ్లు కనుక చేతులు కట్టుకుని కూర్చుంటారు. నవ్వొచ్చినా నవ్వరు. నవ్వితే అవతలివాళ్లకు మార్కులు పడతాయేమోనని భయం. ఇంత నిగ్రహం మామూలు ప్రేక్షకుడికి ఎక్కడిది?

ఇంతకీ నాటిక కన్నా ముఖ్యమైనది సభ. ఆహ్వానపత్రికలో ‘సాయంత్రం సరిగ్గా 6 గంటలకు’ అని ఉంటుంది. ఆ ‘సరిగ్గా’ను ఎవరూ మనసులో పెట్టుకోరు. ఎమ్మెల్యే గారు వచ్చాక జ్యోతి ప్రజ్వలన. అగ్గిపుల్ల గీసిన ప్రతిసారీ పెడస్టల్ ఫ్యాన్ ఆర్పేస్తుంది. ‘ఎవరయ్యా, ఆ ఫ్యాను కట్టేయండి’ అని నలుగురు అరిస్తే, కట్టేయాల్సినవాడు ఐదోవాడిగా అరుస్తాడు. తర్వాత ఒక్కొక్కరినీ వేదిక మీదకు పిలుస్తారు. కాసేపటికి కింద కన్నా పైన జనం ఎక్కువవుతారు. అప్పుడు శాలువాలు. కవరులోంచి తీసిన మడత విప్పకుండానే భుజాన వేస్తారు. ఫొటోగ్రాఫర్ ‘సార్, పడలేదు, ఇంకోసారి’ అంటే తీసి మళ్లీ వేస్తారు. ఒకప్పటి వన్స్ మోర్ ఎక్కడికీ పోలేదు, పద్యం నుంచి శాలువాకు మారిందంతే.

ముఖ్య అతిథి మైకు అందుకుంటారు. నాటకం తనకు ప్రాణమనీ, కాలేజీ రోజుల్లో తానూ ఒక వేషం కట్టాననీ, నాటకాన్ని బతికించుకోవాల్సిన బాధ్యత మన అందరి మీదా ఉందనీ గద్గద స్వరంతో చెప్తారు. మరో కార్యక్రమం ఉండటం వల్ల సెలవు తీసుకుంటారు. ఆయనతో పాటు ఆయన వెంట వచ్చిన సగం హాలూ లేస్తుంది. ఇదంతా అయ్యేదాకా తెర వెనక అంటించిన గడ్డం చెమటకు ఊడిపోతుంటే, దాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని, చావాల్సిన తండ్రి టీ మీద టీ తాగుతుంటాడు.

నాటిక కథ మీకు తెలిసిందే. కొడుకు అమెరికాలో, తల్లిదండ్రులు వృద్ధాశ్రమంలో. చివరి సీనులో తండ్రి పోతాడు, కొడుకు ఫోన్లో ‘లీవు దొరకలేదు’ అంటాడు, మనం కన్నీళ్లు పెట్టుకుంటాం. తెర పడగానే ఈ ప్రదర్శనకు సౌజన్యం అందించిన దాతను సత్కరిస్తారు. ఆయనా అమెరికా నుంచి వచ్చినవారే. వారి తల్లిదండ్రుల జ్ఞాపకార్థం షీల్డు. ఈ ఏర్పాటులో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగకపోవడం తెలుగువాడి సంస్కారం.

అన్నట్టు, ఆ తల్లిదండ్రులను వృద్ధాశ్రమానికి పంపిన కోడలు వేషం కట్టినామె గంట తర్వాత మరో సమాజం నాటికలో త్యాగమూర్తి అయిన తల్లిగా వస్తుంది. చీర మారింది, మనిషి ఆమే. రాత్రి బస్సులో పక్క జిల్లా నుంచి వచ్చి, రెండు స్క్రిప్టులూ గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పి, మళ్లీ రాత్రి బస్సే ఎక్కుతుంది. ఆ ప్రాంగణంలో నిజంగా పని చేసింది ఆవిడొక్కర్తే అని నాకు అనుమానం. అయినా శాలువాల జాబితాలో ఆవిడ పేరు వెతకడం మర్యాద కాదు.

సురభి నాటక సమాజం వాళ్లు మాత్రం ఇంకా దారికి రాలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టారు, ఇప్పటికీ టికెట్టు పెట్టి ఆడుతున్నారు. బాణాలు గాల్లో ఢీకొంటాయి, మనుషులు తీగల మీద ఎగురుతారు, పిల్లలు ముందుకు జరిగి నోళ్లు తెరుచుకుని చూస్తారు, పెద్దవాళ్లు ఈలలు వేస్తారు. ప్రముఖుల ప్రసంగాలకు అక్కడ చోటు దొరకడమే కష్టం. ఇలాంటి ధోరణిని ప్రోత్సహిస్తే రేపు మిగతా సమాజాలూ ఎదురుగా ఉన్న జనాన్ని చూసి ఆడటం మొదలుపెడతాయి.

అందుకే పరిషత్తులవారికి నా సూచన ఇది. పోటీని సన్మానాలకే పెట్టండి. ఉత్తమ శాలువా, ఉత్తమ స్వాగతోపన్యాసం, ఉత్తమ వందన సమర్పణ, అన్నిటికీ నగదు బహుమతులు. సన్మానాల మధ్య మైకు సర్దుకునే వ్యవధిలో నాటిక ఆడుకోవచ్చు, పది నిమిషాలు దాటితే గంట కొట్టండి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’ అన్న బ్యానరు నిజమనుకుని ఎవరో ఒకరు నాటకం చూడటానికి లోపలికి వస్తారు. గాభరా పడకండి. వెంటనే పేరు కనుక్కుని వేదిక మీదకు పిలిచి ఒక శాలువా కప్పేయండి. మరో కార్యక్రమం ఉందని ఆయనే వెళ్లిపోతాడు.