రాసినవాళ్లే పాడే సాయంత్రం

అమెరికాలో కంట్రీ పాటలకు పేరుపడ్డ నాష్‌విల్‌లో గ్రీన్ హిల్స్ పేటలో, షాపుల వరుస మధ్య ఇరుక్కుని ఉంటుంది బ్లూబర్డ్ కెఫే. కుర్చీలు తొంభై దాకా ఉంటాయి, అంతే. 1982లో ఏమీ కర్లాండ్ పెట్టిన ఈ హాలు గురించి ఎవరు రాసినా, 2004లో టేలర్ స్విఫ్ట్ ఒక రికార్డు కంపెనీ పెద్దమనిషి కంట్లో పడింది ఇక్కడేనని చెప్పకుండా వదలరు. అది నిజమే. కానీ ఆ కథ ఇలాంటి చోట్లకు మేలు కంటే చెరుపే ఎక్కువ చేసిందంటాను. ఫోక్ అనే జానపద బాణీ, దానికి కంట్రీ, బ్లూస్ కలిసిన అమెరికానా పాటల సాయంత్రాన్ని అది స్టార్‌డమ్‌కు వేసిన నిచ్చెనలా చూపిస్తుంది. అక్కడ పాడే చాలామందికి ఆ సాయంత్రమే అసలు పని.

అది ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1985లో డాన్ ష్లిట్జ్, థామ్ షైలర్, ఫ్రెడ్ నాబ్లాక్, పాల్ ఓవర్‌స్ట్రీట్ అనే నలుగురు పాటల రచయితలు బ్లూబర్డ్‌లో వేదిక వదిలేసి హాలు నడిమధ్య కుర్చీలు వేసుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ పద్ధతే నిలబడిపోయింది. ఒకరు పాడుతుంటే మిగతా ముగ్గురూ వింటారు. పాట తెలిసినదైతే ఒకరు గిటారు మీద మెల్లగా తోడు వాయిస్తారు, ఇంకొకరు పై స్థాయిలో గొంతు కలుపుతారు. తర్వాత వంతు పక్కవాళ్లది. తీగలు శ్రుతి చేసుకుంటూ ఆ పాట ఎలా పుట్టిందో రెండు ముక్కలు చెబుతారు. ఒక్కోసారి ఆ ముక్కలే పాటకంటే బావుంటాయి! శ్రోతలు గాయకుల మోచేతికి తగిలేంత దగ్గరగా ఉంటారు. ఎవరైనా కబుర్లు మొదలుపెడితే ‘ష్’ అనేస్తారు, అందులో మొహమాటమేమీ లేదు.

నాష్‌విల్ వ్యవహారం మన సినిమా పాటలాంటిదే. రాసేది ఒకరు, పేరు మాత్రం పాడినవాళ్లకు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో రాత్రి షిఫ్టు కంప్యూటర్ ఆపరేటర్‌గా ఉన్న రోజుల్లో ష్లిట్జ్ రాసిన ‘ది గ్యాంబ్లర్’ 1978లో కెన్నీ రోజర్స్ గొంతుతో ఊరూరా మోగింది. అలాంటి పాటను రాసినాయనే, బ్యాండ్ హంగు లేకుండా పాడితే మాట ముందుకొస్తుంది. స్టార్ గొంతు లేని, రికార్డు కంపెనీ అండ లేని వాగ్గేయకారులకు ఇంతకంటే సరైన చోటు దొరకదు.

ఇక డబ్బు సంగతి. స్ట్రీమింగ్‌లో వెయ్యి ప్లేలకు మూడు నాలుగు డాలర్లన్నది అందరూ చెప్పుకునే ఉజ్జాయింపు. పైగా 2024 నుంచి స్పాటిఫై, ఏడాదిలో వెయ్యి ప్లేలు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడమే మానేసింది. అమెరికాలో ఎఫ్ఎం రేడియో పాట రాసినవాళ్లకు చెల్లిస్తుంది గానీ పాడినవాళ్లకు పైసా ఇవ్వదు. అదే ఒక చిన్న హాల్లో నలభై మంది ఇరవై డాలర్ల చొప్పున ఇచ్చారనుకోండి, 800 డాలర్లు. అంత మొత్తం స్ట్రీమింగ్‌లో రావాలంటే కనీసం రెండు లక్షల ప్లేలు కావాలి. ఎవరూ ఎరగని పాటకు అన్ని ప్లేలు ఎక్కడినుంచి వస్తాయి? హాలు వాటా, పెట్రోలు ఖర్చు తీసేసినా ఎంతో కొంత చేతిలో మిగులుతుంది. తలుపు దగ్గర టేబుల్ మీద సీడీలు, టీషర్టులు, వాటి పక్కన ఈమెయిల్ రాసిపెట్టే కాగితం. నన్నడిగితే అన్నిటికంటే విలువైంది ఆ కాగితమే. మళ్లీ ఆ ఊరొచ్చినప్పుడు కుర్చీలు నిండేది దానివల్లే.

పాట రాసినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే ఆస్‌క్యాప్, బీఎంఐ లాంటి సంఘాల్లో సభ్యులైతే, పాడిన సొంత పాటల జాబితా పంపి రాయల్టీ తీసుకోవచ్చు. ఏర్పాటు మంచిదే, కాకపోతే హాలు వాళ్లు ఆ సంఘాలకు లైసెన్స్ ఫీజు కట్టి ఉండాలి. ఆ ఫీజుకు జడిసి పాటలే ఆపేసిన కాఫీ షాపులున్నాయి. పాట రాసినవాళ్ల కోసం పెట్టిన ఫీజు వాళ్లకే చోటు లేకుండా చేస్తోంది.

మరి నిలబడ్డ హాళ్లు ఎలా నిలబడ్డాయి? కాఫీలు అమ్ముకుని మాత్రం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా స్ప్రింగ్స్‌లో 1960లో మొదలైన కెఫే లీనాలో కుర్ర బాబ్ డిలన్ కూడా పాడాడు. 1989లో చనిపోయేదాకా లీనా స్పెన్సర్ దాన్ని తన భుజాల మీదే మోశారు. ఆ తర్వాత అది లాభాపేక్ష లేని సంస్థ అయింది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో 1958లో క్లబ్ 47గా మొదలై ఫోక్ గాయని జోన్ బయజ్‌ను తొలిరోజుల్లోనే పాడించిన క్లబ్ పాసిమ్‌ది కూడా ఇప్పుడు అదే దారి. బ్లూబర్డ్‌ను కర్లాండ్ 2008లో పాటల రచయితల సంఘానికి అప్పగించారు. మూడు ఊళ్లలోనూ మార్కెట్ చేయలేని పనిని సంఘాలే చేశాయి.

అమెరికానా అన్న పేరుకూ గుర్తింపు వచ్చింది. 1995లో రేడియోవాళ్ల పత్రిక గావిన్ ఆ పేరుతో చార్ట్ వేసింది, 2010లో గ్రామీల్లో సొంత విభాగం వచ్చింది. దానివల్ల చిన్న ఊరి హాలుకు ఒరిగింది తక్కువే.

బ్లూబర్డ్‌కు ఇప్పుడు కొత్త తలనొప్పి, జనం. ఈ హాలును చూపించిన, 2012లో మొదలైన ఓ టీవీ సీరియల్ పుణ్యమా అని టిక్కెట్లు నిమిషాల్లో అయిపోతున్నాయి. వారమంతా పెద్ద పేర్లతో నింపేస్తే ఆదాయం పెరుగుతుందని లెక్కలు తెలిసిన ఎవరైనా చెబుతారు. అయినా కొత్తవాళ్లకిచ్చే సోమవారం ఓపెన్ మైక్‌ను ఎత్తేయలేదు. యజమాని స్థానంలో పాటలు రాసేవాళ్లే ఉండబట్టే అది సాధ్యమైందనుకుంటాను.