నివాసయోగ్య నగరాల జాబితా గారికి బదిలీ ఉద్యోగి విన్నపం

మహారాజశ్రీ నివాసయోగ్య నగరాల జాబితా గారి సముఖానికి,

బదిలీ ఉత్తర్వు అందుకున్న ఒక మామూలు ఉద్యోగి నమస్కరించి రాసుకునే విన్నపం.

తమరు ఏడాదికోసారి దర్శనమిస్తారు. పైవరుసలో చోటు దక్కిన నగరాల మేయర్లు ఆ రోజు తమరిని వేనోళ్ల పొగుడుతారు. దక్కనివారు తమరికి లెక్కలు రావంటారు. మరుసటి ఏడాది స్థానాలు తారుమారైతే పొగడ్త, తిట్టు కూడా చోట్లు మార్చుకుంటాయి. ఆ గొడవతో నాకు పనిలేదు. మా కంపెనీ తన కార్యాలయాన్ని ఒక మహానగరానికి తరలిస్తూ మమ్మల్ని కూర్చోబెట్టి స్లైడ్లు చూపించింది. మొట్టమొదటి స్లైడు మీద తమరే ఉన్నారు. కింద పెద్ద అక్షరాలతో ‘జీవన నాణ్యతలో అగ్రశ్రేణి నగరం’ అని. ఎవరి జీవనం అని వెనక వరుసలోంచి ఎవరో అడిగారు. ప్రశ్నలకు చివర్లో సమయం ఇస్తామన్నారు. చివర్లో సమయం మిగల్లేదు.

దాంతో తమరి పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీయక తప్పలేదు. తమరి వంశంలో పేరుమోసిన సభ్యుణ్ణే తీసుకుందాం. ‘ఎకనమిస్ట్’ పత్రిక సంస్థ వారి పరిశోధన విభాగం ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ తయారుచేసే సూచికలో 173 నగరాలుంటాయి. నూటికి మార్కులు: స్థిరత్వానికి 25, సంస్కృతి-పర్యావరణాలకు 25, వైద్యానికి 20, మౌలిక సదుపాయాలకు 20, విద్యకు 10. చదువుకు అన్నిటికన్నా తక్కువ ఎందుకో అడగను, ఆ విషయంలో తమరు లోకంతోనే నడుస్తున్నారు. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ మార్కులతో చేసే పని. పరాయి నగరానికి పంపిన ఉద్యోగికి కష్టభత్యం ఎంత ఇవ్వాలో కంపెనీలకు చెప్పడం! 80 దాటిన నగరమైతే అదనంగా ఏమీ అక్కర్లేదు. 70–80 మధ్య ఉంటే జీతంలో 5 శాతం, 60–70 అయితే 10, 50–60 అయితే 15, అంతకన్నా దిగజారితే 20 శాతం.

అంటే తమరి కులవృత్తి కష్టాన్ని కొలిచి దానికి పరిహారం కట్టడం! అలాంటి తమరిని మా కంపెనీ తెరమీదికి ఎక్కించి, కష్టమే లేదని చెప్పించింది. అక్కడ మార్కులు ఘనంగా ఉన్నాయి కాబట్టి మాకు భత్యం సున్నా. వెళ్లబోయే ఊరు కాస్త అధ్వానంగా ఉండాలని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. ఆ పాపం నాకు చుట్టుకుంటే సగం తమరు పంచుకోవాలి.

ఇక అద్దె సంగతి. మంచి ఇళ్లు దొరుకుతాయా అన్న ప్రశ్న తమరి జాబితాలో ఉంది. దొరికిన ఇంటికి అద్దె కట్టగలమా అన్న ప్రశ్న లేదు. జీవన వ్యయం వేరే సర్వే అట, దాన్ని విడిగా అడిగి తెప్పించుకోవాలి. కెనడాలోని వాంకూవర్ ఏళ్ల తరబడి తమరి అగ్రపీఠం మీద కూర్చుని, 2011లో దాన్ని మెల్‌బోర్న్‌కు అప్పగించింది. వాంకూవర్‌లో ఇళ్ల ధరలు మామూలు జీతగాడు తలెత్తి చూసినా అందని ఎత్తున ఉంటాయని ఆ పీఠం కింద ఎవరూ చీటీ అంటించలేదు. అలాగని తమరు మొద్దునిద్రలో ఉంటారనలేం. మహమ్మారి రోజుల్లో మ్యూజియాలు, రెస్టారెంట్లు మూతపడేసరికి 2021లో వియన్నాను 12వ స్థానానికి దింపేశారు, తలుపులు తెరిచాక మరుసటి ఏడాది మళ్లీ మొదటికి తెచ్చారు. మ్యూజియం మూతపడితే తమరికి వెంటనే తెలుస్తుంది. అద్దె పెరిగితే మాత్రం మాకే తెలుస్తుంది.

తమరి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. తమరు ఊహించుకున్న మనిషి వేరు. విదేశీ కొలువుకు వెళ్లే ఆ పెద్దమనిషికి ఇంటద్దె, పిల్లల ఫీజులు చాలాసార్లు కంపెనీయే కడుతుంది. అందుకే ప్రైవేటు బడులు దొరకడం ఒక అంశం, వాటి నాణ్యత మరో అంశం. ఆసుపత్రుల విషయంలోనూ అంతే. ఆయన కొలతలకు తమరు చక్కగానే కుట్టారు. ఆ చొక్కాను మాకు తొడిగి, వదులుగా ఉంటే గాలి ఆడుతుంది కదా అనేవాళ్లతోనే నా పేచీ.

ప్రయాణం విషయానికొస్తే, రోడ్లెలా ఉన్నాయో, రవాణా ఎలా ఉందో తమరు చూస్తారు. నేను భరించగల ఇల్లు ఆఫీసుకు ఎంత దూరంలో ఉంటుందో చూడరు. మనుషులు సగటున రోజుకు ఒక గంట ప్రయాణానికి కేటాయిస్తారని, వాహనాల వేగం పెరిగితే ఆ గంట మిగలదని, ఊరే విస్తరిస్తుందని ఇటలీ శాస్త్రవేత్త చేజారే మార్కెట్టీ 1994లో రాశాడు. కొత్త మెట్రో వస్తే తమరు మార్కులు పెంచుతారు, స్టేషను పక్కన ఇంటి యజమాని అద్దె పెంచుతాడు, నేను ఇంకో నాలుగు స్టేషన్ల అవతలికి సర్దుకుంటాను. గంట గంటగానే ఉంటుంది. బదిలీ అయినవారి భార్యకో భర్తకో ఆ ఊళ్లో ఉద్యోగం దొరుకుతుందా అన్నదానికి తమరి దగ్గర గడే లేదు. మా ఇంట్లో మాత్రం ఆ ఒక్క అంశానికే నూటికి 90 మార్కులు.

తరలింపు మా మేలు కోసమేనని మళ్లీ మళ్లీ చెబుతున్నారు కనుక ఒక పాత ముచ్చట మనవి చేస్తాను. ఉద్యోగుల జీవన నాణ్యత కోసమంటూ న్యూయార్క్ వదిలి శివారు పట్టణాలకు తరలిన 38 కంపెనీల గురించి విలియం హెచ్. వైట్ అనే పరిశీలకుడు ఆరా తీశాడు. ఎన్ని అధ్యయనాలు చేయించినా, ఎందరు సలహాదారులు తిరిగినా, వాటిలో 31 కంపెనీల కొత్త కార్యాలయాలు చివరికి వెలిసింది కంపెనీ అధిపతుల ఇళ్ల దగ్గరే. సగటు దూరం 8 మైళ్లు. కదలకుండా నగరంలోనే ఉండిపోయిన కంపెనీల షేర్లు, కదిలినవాటికన్నా రెట్టింపుకు పైగా పెరిగాయని కూడా ఆయన లెక్కతేల్చాడు. మా అధిపతి ఎక్కడుంటారో నేనేమీ అనడం లేదు. మ్యాపు తెరిచి చూశాను, అంతే.

కంపెనీలకు దక్కే మర్యాద వేరు లెండి. అమెజాన్ 2017లో రెండో ప్రధాన కార్యాలయానికి చోటు కావాలంటే 238 ప్రతిపాదనలు వచ్చిపడ్డాయి. అరిజోనాలోని ట్యూసాన్ నుంచి 21 అడుగుల జెముడు మొక్కను కానుకగా పంపారు. మేం కానుకలు పుచ్చుకోబోమని కంపెనీ అంటే అది చివరికి మ్యూజియానికి చేరింది. ఉద్యోగిని రమ్మని ఏ ఊరూ చిన్న ముల్లు కూడా పంపినట్లు లేదు.

కాబట్టి తమరిని కోరేది రెండే. ఇకపై తమరిని ఏ కంపెనీ స్లైడు మీదికి పిలిచినా, వెంట ఆ భత్యాల పట్టికను కూడా తెచ్చుకోండి. ఆ జీవన వ్యయం సర్వే తమరి సొంత తోబుట్టువే కదా, దాన్నీ చెయ్యి పట్టుకుని తీసుకురండి. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే వెనక వరుస ప్రశ్నకు సమయం ఇచ్చినా ఇవ్వకపోయినా ఫర్వాలేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
80 మార్కులు దాటిన నగరానికి బదిలీ అయినందున
ఏ భత్యానికీ అర్హత లేని
తమ విధేయ ఉద్యోగి