సరిహద్దులో షుగరు వైద్యం: ఆ మందుల సంచీ విప్పి చూసేదెవరు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా పెద్దమ్మ దగ్గర ఒక గుడ్డసంచీ ఉంది. అందులో మూడు చోట్ల రాయించుకున్న మందుల చీటీలు ఉంటాయి. ఒకటి ఊళ్ళో ఆసుపత్రిది, ఒకటి విశాఖలో చూపించుకున్నప్పటిది, మూడోది సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో మందుల దుకాణం వాళ్ళు కాగితం ముక్క మీద రాసిచ్చినది. కిందటి ఏడాది ఒక రాత్రి ఆమెకు ఒళ్ళంతా చెమటలు పట్టి మాట తడబడింది. పంచదార నీళ్ళు పట్టాక తేరుకుంది. మర్నాడు సంచీ విప్పి చూస్తే, రెండు చీటీల్లో వేర్వేరు పేర్లతో ఉన్న మాత్రలు ఒకే మందు: షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్. పెద్దమ్మ రెండూ వేసుకుంటోంది. ఒక డాక్టరు రాసినది మరొకరి కంట పడలేదు.

షుగరు ఎందుకు పెరుగుతోందో పాఠకులకు మళ్ళీ చెప్పనక్కర లేదు. దేశంలో పది కోట్ల పది లక్షల మందికి ఈ వ్యాధి ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. ఆ లెక్క వచ్చిన ప్రతిసారీ చర్చ ఒకే బాటన పోతుంది: డాక్టర్లు చాలరు, మందులు చాలవు, జనం తిండి మార్చుకోరు. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో నేను చూస్తున్న లోటు వేరు. ఇక్కడ డాక్టరు ఎక్కడో ఒకచోట దొరుకుతున్నారు, మాత్రలూ దొరుకుతున్నాయి. ఒడిశాలో 2015 నుంచి నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. ఆ డాక్టరును, ఆ మాత్రను, ఇంట్లో వంటను, కంటి పరీక్షను కలిపి చూసే మనిషి మాత్రం లేరు.

రెండో రకం మధుమేహంలో పరగడుపు షుగరు ఒక్కటే చూస్తే చాలదు. రక్తపోటు, కొలెస్ట్రాల్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, ఏడాదికోసారి కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను, పాదాల స్పర్శ, ఇవన్నీ కలిసి నడవాలి. ఐదు నిమిషాల్లో రోగిని పంపించాల్సిన డాక్టరుకు ఇందులో సగం కూడా సాధ్యం కాదు.

జట్టుగా చేస్తే ఏమవుతుందో మన గడ్డ మీదే పరీక్షించి చూశారు. భారత్, పాకిస్థాన్‌లలోని పది వైద్యశాలల్లో 1,146 మంది షుగరు రోగుల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. సగం మందికి మామూలు వైద్యం అందించారు. మిగిలిన సగానికి రెండు అదనపు ఏర్పాట్లు చేశారు. ఒకటి, డాక్టరు కాని ఒక సమన్వయకర్త. రోగికి ఫోను చేసి మాత్ర వేసుకుంటున్నారా, తిండి ఎలా ఉంది, పరీక్షకు ఎప్పుడు వస్తారు అని కనుక్కోవడం ఆ వ్యక్తి పని. రెండోది, రోగి వివరాలన్నీ చూసి డాక్టరుకు సూచన ఇచ్చే కంప్యూటర్ కార్యక్రమం. సూచన పాటించాలా వద్దా అన్నది డాక్టరు ఇష్టం. రెండేళ్ళు దాటాక చూస్తే, షుగరుతో పాటు రక్తపోటు గానీ కొలెస్ట్రాల్ గానీ అదుపులోకి వచ్చినవారు మామూలు వైద్యంలో 8.1 శాతం, జట్టు వైద్యంలో 18.2 శాతం. ఇందుకు కొత్త మందేమీ అక్కర్లేకపోయింది. ఉన్న మందులే, అడిగే మనిషి తోడయ్యాక ఇంత పని చేశాయి.

విశాఖ కూడా ఇందులో భాగమైంది. షుగరుతో పాటు మానసిక కుంగుబాటూ ఉన్న 404 మందిలో దాదాపు సగానికి ఇలాంటి జట్టు వైద్యం, మిగిలినవారికి మామూలు వైద్యం ఇచ్చి చూసిన ప్రయోగం నాలుగు నగరాల్లో జరిగింది, వాటిలో విశాఖ ఒకటి. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం కుంగుబాటు సగానికి సగం తగ్గి, షుగరు, రక్తపోటు, కొలెస్ట్రాల్‌లో ఒకటైనా మెరుగుపడినవారు జట్టు వైద్యంలో 71.6 శాతం, మామూలు వైద్యంలో 57.4 శాతం. గుణుపూరు నుంచి, రాయగడ నుంచి పెద్ద వైద్యం కోసం విశాఖకు వెళ్ళేవారు ఎందరో. ఆ ఊరు నేర్చుకున్న పాఠం రోగితో పాటు తిరుగు రైలెక్కి ఇక్కడికి రాలేదు.

డబ్బెక్కడిది, నగరపు వైద్యశాలల్లో సాగినది మారుమూల సాగుతుందా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నూటికి 18 మంది అంటే ఇంకా 82 మంది మిగిలారన్నదీ నిజం. కానీ డాక్టర్లు తక్కువగా ఉన్నచోటే జట్టు అవసరం ఎక్కువ. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో ఆరోగ్య అధికారులు ఇప్పటికే ఉన్నారు. ముప్పై దాటినవారి వివరాలు ఆశా కార్యకర్తలు ఇంటింటా నమోదు చేస్తున్నారు. వారిని డాక్టరుతో, పరీక్షశాలతో ముడివేసే ఒక్కో మనిషి జీతం గురించే నేను అడుగుతున్నది.

ఆ మనిషి ఏ భాషలో మాట్లాడాలన్నది నన్ను ఇంకా ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న. జట్టు వైద్యంలో మందు సగం, మాట సగం. పెద్దమ్మకు తిండి గురించి చెప్పిన ఆశా దీదీ మంచి మనిషి, ఓపికగానే చెప్పింది, ఒడియాలో. పెద్దమ్మకు బజారు ఒడియా వచ్చు. "అన్నం తగ్గించి చోడి (రాగి) తినండి" అన్న మాట అర్థమైంది. ఎంత తగ్గించాలి, ఏ పూట, చద్దన్నం మానాలా, చోడి అంబలి గిన్నెడు తాగినా షుగరు పెరుగుతుందా అని ఎదురు అడగడానికి ఆ ఒడియా చాలలేదు. తల ఊపి వచ్చేసింది. సరిహద్దుకు అటు ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో, మందసలో ఒడియా ఇళ్ళవారికి తెలుగులో జరుగుతున్నదీ ఇదే. మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున సిరోంచలో మరాఠీ చీటీ పట్టుకున్న తెలుగువారి సంగతీ అంతే. ఇక కొండల మీది సవర గిరిజనుల మాట రెండు ప్రభుత్వాల చీటీల్లోనూ లేదు.

గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలని ఆయన అనుకున్నారు, నేర్చుకున్నారు. నూరేళ్ళకు మునుపే ఒక బడిపంతులు ఒంటరిగా చేసిన పనిని ఇవాళ రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కలిసి ఎందుకు చేయలేవు? 1936లో గీత గీసి పర్లాకిమిడిని ఒడిశాలో కలిపారు. ఆ గీత మీద నాకు తగువు లేదు. ఒక ప్రాంతంలో 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రభుత్వ నిబంధనలు, ప్రకటనలు అచ్చు వేయాలని భాషాపరమైన అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఉంది. షుగరు రోగి చీటీకీ ఆ మర్యాద దక్కాలి.

పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ ఆసుపత్రుల్లో తెలుగు, ఒడియా వచ్చిన ఒక్కో సమన్వయకర్తతో మొదలుపెట్టవచ్చు. సవర వచ్చిన మనిషి దొరికితే ఆ ఉద్యోగం మొదట వారికే ఇవ్వాలి. రోగి చేతిలో ఒకే పుస్తకం ఉండాలి. ఆసుపత్రి డాక్టరు, విశాఖ డాక్టరు, పాతపట్నం దుకాణం, ఎవరు మందు ఇచ్చినా అందులోనే రాయాలి. మందు అసలు పేరు రెండు లిపుల్లోనూ ఉండాలి. పెద్దమ్మ తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. గ్లిమిపిరైడ్ అని రెండుసార్లు కనబడితే ఆమే అడుగుతుంది.