టామ్ క్రూజ్ పదవీ విరమణ ఫైలు: ఒక పరిశీలన

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగికి 62 ఏళ్లు నిండితే ఆ నెలాఖరున శాలువా కప్పించుకుని, నాలుగు మంచి మాటలు విని, మెమెంటో చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోవాలి. హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్ పుట్టింది 1962 జులై 3న. అంటే 2024 జులై 31 సాయంత్రానికల్లా ఆయన చార్జి అప్పగించేసి ఉండాలి. పదకొండు రోజుల తర్వాత, ఆగస్టు 11న, ఆయన పారిస్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో స్టేడియం పైకప్పు మీంచి తాడు కట్టుకుని కిందికి దిగి, ఒలింపిక్ జెండా అందుకుని మోటార్‌సైకిల్ మీద చక్కా పోయారు. తెలంగాణ లెక్కయితే మరీ ఘోరం. అక్కడ వయసు 61. ఆయన దిగిపోవాల్సిన 2023 జులైలోనే, నార్వేలో కొండ అంచు నుంచి బైకుతో సహా గాల్లోకి ఎగిరే సినిమా థియేటర్లకొచ్చింది. తెలుగు డబ్బింగ్‌తో సహా.

ఇంత బాహాటంగా నిబంధనలు ఉల్లంఘిస్తుంటే ఎవరూ పట్టించుకోకపోవడంతో, సర్వీసు రిజిస్టరు మనమే తిరగేయాల్సి వస్తోంది.

అసలు పేరు థామస్ క్రూజ్ మాపోథర్ ది ఫోర్త్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో జననం. తండ్రి ఎలక్ట్రికల్ ఇంజినీరు. ఊళ్లు మారుతూ డజనుకు పైగా బళ్లలో చదువు. కొన్నాళ్లు ఫ్రాన్సిస్కన్ సెమినరీలో చేరి ఫాదర్ అవుదామనుకున్నాడు. 1981లో చిన్న వేషాలతో సర్వీసులో చేరిక. 1983లో ‘రిస్కీ బిజినెస్’ సినిమాలో చొక్కా, లోదుస్తు, మేజోళ్లతో ఇల్లంతా డాన్స్ చేసి ప్రొబేషన్ డిక్లేర్ చేయించుకున్నాడు. 1986లో ‘టాప్ గన్’తో పెద్ద ప్రమోషన్. ఇక్కడిదాకా ఆడిట్ అభ్యంతరాలేమీ లేవు.

చిక్కంతా 1996లో మొదలైంది. ‘మిషన్ ఇంపాజిబుల్’కి హీరో ఆయనే, నిర్మాతా ఆయనే. ఉద్యోగీ అధికారీ ఒక్కడే అయితే సెలవు ఎవరు ఇస్తారు, మెమో ఎవరు ఇస్తారు?

మెమో మాత్రం ఒకసారి పైనుంచే వచ్చింది. 2005లో టీవీ షోలో ప్రేమ మైకంలో సోఫా ఎక్కి గంతులేశాడు. మరుసటి ఏడాది, ‘మిషన్ ఇంపాజిబుల్’ సినిమాల స్టూడియో పారామౌంట్ మాతృసంస్థ అధిపతి సమ్నర్ రెడ్‌స్టోన్, ఇలాంటి ప్రవర్తన మాకు పనికిరాదని బహిరంగంగానే చెప్పి తెగతెంపులు చేసుకున్నాడు. మన దగ్గర సస్పెండైనవాడు కోర్టుకెళ్తాడు, యూనియన్ లీడర్‌ని పట్టుకుంటాడు. ఈయన 2011లో అదే పారామౌంట్ కోసం దుబాయ్ వెళ్లి బుర్జ్ ఖలీఫా గోడ పట్టుకుని వేలాడాడు. 2022లో ‘టాప్ గన్: మావెరిక్’తో దాదాపు 150 కోట్ల డాలర్లు వసూలు చేసిపెట్టాడు. ఎరియర్స్ ఈ రకంగా రాబట్టుకోవచ్చని మన సంఘాలకు ఇంతవరకూ తోచలేదు.

మెడికల్ లీవు సంగతి చూద్దాం. 2017లో లండన్‌లో ఒక మేడ మీంచి ఇంకో మేడకు దూకబోయి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. విరిగిన కాలితోనే పైకెక్కి, కుంటుతూ కెమెరా దాటి వెళ్లి షాట్ పూర్తి చేశాడు. ఆ షాట్ సినిమాలో ఉంది.

నార్వే కొండ కథ ఇంకా ముచ్చటైనది. ఆ దూకుడు షూటింగ్ మొదటిరోజే పెట్టుకున్నారు. కారణం వాళ్లే చెప్పారు: హీరోకి ఏదైనా అయ్యేదుంటే మొదటిరోజే తేలిపోతుంది, మిగతా డబ్బు ఖర్చు పెట్టాలో వద్దో తెలుస్తుంది. ఒకే రోజు ఆరుసార్లు దూకాడు. మన దగ్గరా మొదటిరోజుకి ప్రాముఖ్యం ఉంది. దేవుడి పటాల మీద క్లాప్ కొట్టి, కొబ్బరికాయ కొడతారు. అక్కడ కొబ్బరికాయ ఆయనే. అదే సినిమా సెట్లో, 2020 డిసెంబర్‌లో, కోవిడ్ దూరం పాటించని సిబ్బందిని ఆయన తిట్టిన తిట్లు ఆడియోగా బయటికొచ్చాయి. ప్రాణం విలువ తెలియని మనిషని అనడానికి లేదు.

నా అసలు అభియోగం వేరు. ఈయన డూపుల పొట్ట కొడుతున్నాడు. తెలుగు పరిశ్రమ ఎప్పుడో శాస్త్రీయంగా పని విభజన చేసుకుంది: డూపు దూకుతాడు, హీరో కారవాన్‌లో కాఫీ తాగుతాడు, అభిమాని థియేటర్లో చొక్కా చింపుకుంటాడు. ముగ్గురికీ ఉపాధి. అరవై దాటిన హీరోకి మోకాళ్లు సహకరించకపోయినా స్లో మోషన్ సహకరిస్తుంది. క్రూజ్ పద్ధతే ఇక్కడా వస్తే ముహూర్తం రోజునే సగం పరిశ్రమ ఆస్పత్రిలో ఉంటుంది. స్టంట్లకూ ఆస్కార్ ఇస్తామని, 2028 వేడుక నుంచి మొదలుపెడతామని 2025లో అకాడమీ ప్రకటించింది. ఆ ప్రకటనతో వేసిన బొమ్మల్లో క్రూజ్ బుర్జ్ ఖలీఫా పక్కనే మన ‘ఆర్ఆర్ఆర్’ కూడా ఉంది. మనం పొంగిపోయాం. ఆ గంతుల్లో డూపుల వాటా ఎంతని అడిగిన అభిమాని నాకైతే తగల్లేదు.

ఇన్నిసార్లు దూకడంలో ఇంకో సౌకర్యమూ ఉంది. సైంటాలజీ అనే ఆయన మతసంస్థ మీద మాజీ సభ్యులు చేసిన ఆరోపణలు కొల్లలు. కానీ విమానం పట్టుకుని వేలాడి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మీ చర్చి సంగతేమిటండీ అని ఏ విలేకరి అడుగుతాడు? భయమేయలేదా అని అడుగుతాడు. ఆయన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతాడు. ఇంటర్వ్యూ అయిపోతుంది.

నటుడిగా మూడుసార్లు నామినేషన్ వేసి ఆస్కార్ ఇవ్వని అకాడమీ, 2025 నవంబర్‌లో గౌరవ ఆస్కార్ ఇచ్చింది. మన భాషలో శాలువా. పుచ్చుకున్నవాడు ఇంటికెళ్లి మనవలతో ఆడుకుంటాడని ఇచ్చేవాళ్ల ఆశ. తీరా చూస్తే, ఆ విగ్రహం చేతికందించిన దర్శకుడు ఇన్యారిటు అప్పటికే ఆయనతో తర్వాతి సినిమా షూటింగ్ కూడా కానిచ్చేశాడు. పదవీ విరమణ చేసినాయన్ని మర్నాడే ఓఎస్‌డీగా అదే గదిలో, అదే ఫ్యాను కింద కూర్చోబెట్టే విద్య మన సచివాలయాలకే తెలుసని ఇన్నాళ్లూ గర్వపడ్డాం. హాలీవుడ్‌కీ ఎవరో నేర్పేశారు.