గంజాం సరిహద్దు రంగస్థలం: వేషం దాకానే ఆదరణ

ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రలో మొక్కుబడిగా వేషాలు కట్టడం ఆనవాయితీ. వాటిలో స్త్రీ వేషాలు కట్టిన మగవాళ్లూ ఉంటారు, వారిని ఎవరూ తప్పుపట్టరు. గంజాం పల్లెల్లో తెల్లవార్లూ ఆడే ప్రహ్లాద నాటకంలో లీలావతి పాత్ర సంప్రదాయంగా మగవారిదే. 19వ శతాబ్దంలో ఆ నాటకాన్ని పోషించిన జలంతర సంస్థానం నేటి శ్రీకాకుళం జిల్లా వైపుది కాబట్టి ఆ వారసత్వంలో తెలుగువారికీ వాటా ఉంది. ఆ జిల్లా జానపద నృత్యనాటకమైన తూర్పు భాగవతంలో సత్యభామగా జడ పట్టుకుని వచ్చేదీ మగవాడే.

ఈ చరిత్రను చూపి మనది మొదటి నుంచీ ఉదారమైన సమాజమేనని వాదించేవారున్నారు. ఆ వాదనతో నేను ఏకీభవించలేను. స్త్రీ పాత్రలతో పేరుపొందిన స్థానం నరసింహారావుకు, వేదాంతం సత్యనారాయణశర్మకు దక్కిన పద్మశ్రీలు వారి అసాధారణ ప్రతిభకు న్యాయంగా దక్కిన గౌరవాలు. అయితే ప్రేక్షకుడి ఆదరణ వెనుక ఎప్పుడూ ఒక షరతు ఉండేది: తెల్లవారేసరికి నటుడు ముఖానికి పూసిన రంగు కడుక్కుని, పంచె కట్టుకుని, భార్యాబిడ్డల దగ్గరికి వెళ్లాలి. ఆ షరతు తప్పి, పగలు కూడా స్త్రీగానే బతకాలని కోరుకున్నవారిని అదే ఊరు వెలివేసింది. పైగా ఆ సంప్రదాయమే స్త్రీలను చాలాకాలం వేదికకు దూరంగా ఉంచింది. 1885లో మొదలైన సురభి నాటక కుటుంబాలు తమ ఆడవారినే స్త్రీ పాత్రల్లో నిలబెట్టడం ఎంత సాహసమో ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

ఇప్పుడు రంగస్థలం మీదికి వస్తున్న యువ కళాకారులు ఆ షరతునే ప్రశ్నిస్తున్నారు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును హక్కుగా ప్రకటించింది, 2018లో స్వలింగ సంబంధాలను నేరం కాకుండా చేసింది. ఆ తీర్పులు ఇచ్చిన ధైర్యంతో సొంత జీవితాన్నే నాటకవస్తువుగా తీసుకునే ధోరణి దక్షిణాదిన బలపడింది. చెన్నైలో ట్రాన్స్ కళాకారులే నెలకొల్పిన పన్మై నాటక బృందం తమ కథను తామే చెప్పుకుంది. కర్ణాటకలో జోగతి అనే జానపద నృత్య కళాకారిణి, ట్రాన్స్ మహిళ మంజమ్మ జోగతి జానపద అకాడమీ అధ్యక్షురాలై, 2021లో పద్మశ్రీ అందుకున్నారు.

హైదరాబాద్‌లో లామకాన్ సాంస్కృతిక వేదిక వంటి చోట ఇలాంటి ప్రదర్శన ఇచ్చే కళాకారుడికి ముందున్న ప్రేక్షకులు చాలావరకు అపరిచితులు. ఒడిశా సరిహద్దు ఊళ్లైన గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో ముందు వరుసలో నాన్నతో పనిచేసే ఉద్యోగి, చదువు చెప్పిన మాస్టారు, పెళ్లి సంబంధాలు చూసే అత్త కూర్చుంటారు. నాటకం ముగిశాక వాళ్ల మాటలు కళాకారుడి ఇంటిదాకా వెళతాయి, అక్కాచెల్లెళ్ల సంబంధాల దగ్గర మళ్లీ వినిపిస్తాయి. అందుకే చిన్న ఊళ్ల కళాకారులు నగరానికి వెళ్లిపోతే దాన్ని పిరికితనమనడం అన్యాయం. సరిహద్దు తెలుగువారికి ఇంకో చిక్కుంది: ఒడియాలో ఆడితే హాలు నిండుతుంది కానీ అమ్మతో మాట్లాడే భాషలో గుండె విప్పే అవకాశం పోతుంది, తెలుగులో ఆడితే వేదిక దొరకడమే కష్టం.

దీనికితోడు టీవీ కామెడీ స్కిట్లు చీర కట్టిన మగవాణ్ని నవ్వులాటకు వాడుకునే అలవాటును ఇంటింటికీ చేర్చాయి. తూర్పు భాగవతపు సత్యభామను చూసి చేతులు జోడించిన ప్రాంతంలోనే ఇప్పుడు ఒక ట్రాన్స్ మహిళ వేదికెక్కగానే ఈలలు వేస్తారు, ఆమె నోరు తెరవకముందే. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఉగాదికి నాటికలు వేయించే తెలుగు సంఘాలు ఈ పరిస్థితిని కొంత మార్చగలవు. వారి చేతిలో హాలు ఉంది, చందాలు ఉన్నాయి, ఊరి పెద్దల మాట సాయం ఉంది. ఏడాదికి ఒక సాయంత్రం, యాభై మంది పట్టే గదిలో ఏకపాత్ర ప్రదర్శనకు చోటిస్తే చాలు. నాటక పరిషత్తు పోటీల్లో ఉత్తమ నటుడు, ఉత్తమ నటి అనే రెండు బహుమతుల మధ్య ట్రాన్స్ కళాకారులు ఎటు నిలబడాలో నిర్ణయించే హక్కు వారికే వదలాలి.

ట్రాన్స్ పాత్రలను ఇతరులు వేయవచ్చా అన్న చర్చలో, ట్రాన్స్ కళాకారులకు అవకాశాలు ఇంత తక్కువగా ఉన్నంతకాలం ఆ పాత్రలు వారికే దక్కాలని నా అభిప్రాయం. అలాగని వారిని ఆ పాత్రలకే కట్టిపడేయడమూ అన్యాయమే. ఒక ట్రాన్స్ నటి హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతిగా కాటిసీనులో పద్యం అందుకుంటే, న్యాయనిర్ణేతలు ఆమె రాగానికీ, ఉచ్చారణకూ, అభినయానికీ మార్కులు వేయాలి.