ఒకే బాణీ, మూడు అగ్రస్థానాలు: రాబీ వాన్ లీవెన్‌ను ఎలా అంచనా వేయాలి?

అమెరికా పాప్ సంగీతానికి కొలమానంగా చెప్పుకునే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో 'వీనస్' బాణీ మూడు దఫాలు మొదటి స్థానానికి చేరింది. 1970 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్ బృందం షాకింగ్ బ్లూ పాడిన అసలు పాట. 1981 జూన్‌లో 'స్టార్స్ ఆన్ 45' పేరిట వచ్చిన పాటల మాలికలో ఒక తునక. 1986 సెప్టెంబరులో లండన్ అమ్మాయిల బృందం బనానారామా పాడిన డిస్కో రూపం. ఈ పాట రాసి, బాణీ కట్టి, మొదటి రికార్డుకు నిర్మాతగా కూడా ఉన్న వ్యక్తి ద హేగ్ నగరానికి చెందిన రాబీ వాన్ లీవెన్. అయినా ఒక్క పాటతో గట్టెక్కిన అదృష్టవంతుడని ఆయన్ని రెండు వాక్యాల్లో తేల్చేసే రాతలే ఎక్కువ. ఆ తీర్పు తప్పని నా అభిప్రాయం. శూన్యంలోంచి బాణీలు సృష్టించిన మేధావి అని ఆకాశానికెత్తడమూ సరికాదు. విన్నవాటిలో ఏది నిలుస్తుందో పసిగట్టి, మిగతాదంతా నిర్దయగా కోసేయడం ఆయన అసలు ప్రతిభ.

1944లో పుట్టిన వాన్ లీవెన్ పెరిగిన హేగ్‌లో ఆ రోజుల్లో గిటార్ మోగని వీధి అరుదు. ఇండోనేషియా స్వతంత్ర దేశమయ్యాక అక్కడి నుంచి తరలివచ్చిన కుటుంబాల కుర్రాళ్లు 'ఇండో-రాక్' పేరుతో కొత్త ఊపు తెచ్చారు. ఆ వెనుకే ఇంగ్లండ్ నుంచి బీట్ సంగీతం వచ్చిపడింది. వాన్ లీవెన్ మొదట 'ద మోషన్స్' బృందానికి గిటార్ వాయించారు, పాటలు రాశారు. 1967లో షాకింగ్ బ్లూను స్థాపించారు. తొలి గాయకుడు ఫ్రెడ్ డి వైల్డె స్థానంలో 1968లో మరిస్కా వెరెస్ వచ్చారు. అక్కడితో బృందం జాతకమే మారిపోయింది.

'వీనస్' మొదటి క్షణాలను శ్రద్ధగా వినండి. ఏ తీగకూ స్థిమితం లేనట్టు వేలాడే ఒక గిటార్ తీగమేళం, దాని వెంట చిన్న నిశ్శబ్దం, మళ్లీ అదే. గొంతు ఇంకా విప్పలేదు. అయినా ఏ పాటో తెలిసిపోతుంది. చరణం పొట్టిది, పల్లవి అంతకంటే పొట్టిది, మధ్యలో ఎలక్ట్రిక్ పియానో కొద్దిసేపు వినిపించి తప్పుకుంటుంది. మొత్తం మూడు నిమిషాల పైచిలుకు. ఇంగ్లీషు ఆయన మాతృభాష కాదు. దేవత అనే మాటను కాగితం మీద తప్పుగా రాస్తే వెరెస్ అలాగే పాడేశారు, రికార్డు అలాగే విడుదలైంది. ఫిలడెల్ఫియా నిర్మాత జెర్రీ రాస్ దాన్ని తన కొలోసస్ సంస్థ ద్వారా అమెరికాలో విడుదల చేస్తే శ్రోతలెవరికీ ఆ పొరపాటు అడ్డు రాలేదు. అమెరికాలో మొదటి స్థానం అందుకున్న తొలి డచ్ బృందం షాకింగ్ బ్లూయే. విచిత్రమేమిటంటే సొంత దేశంలో ఆ పాట మూడో స్థానం దాటలేదు.

ఇక 'వీనస్' బాణీని ఎక్కడి నుంచి అరువు తెచ్చుకున్నారన్న సంగతి. 1963లో 'ద బిగ్ త్రీ' అనే అమెరికన్ జానపద బృందం 'ద బాంజో సాంగ్' పాడింది. తర్వాతి కాలంలో మామాస్ అండ్ పాపాస్ బృందంతో పేరు పొందిన కాస్ ఇలియట్ అందులో ఒక సభ్యురాలు. బాణీ అదే బృందంలోని టిమ్ రోజ్‌ది. మాటలు మాత్రం స్టీఫెన్ ఫాస్టర్ 1848 నాటి 'ఓ! సుసానా'వి. ఆ పాట విన్నాక 'వీనస్' వింటే చరణం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ చెప్పనక్కరలేదు. పోలిక అంత దగ్గరగా ఉంది. కానీ 'వీనస్' రికార్డు మీద రచయితగా ఒకే ఒక్క పేరు. దీన్ని సమర్థించడం నావల్ల కాదు. జానపదం నుంచి తీసుకోవడం పాప్ సంగీతానికి మామూలే, ఫాస్టర్ మాటలను రోజ్ కూడా అలాగే వాడుకున్నారు. అయితే ఫాస్టర్ ఎప్పుడో గతించారు. రోజ్ అప్పటికి బతికే ఉన్నారు, పాడుతూనే ఉన్నారు. ఆయన పేరు పక్కన చేరి ఉండాల్సింది. చేర్చి ఉంటే వాన్ లీవెన్ గౌరవానికి వచ్చే లోటేమీ లేదు, ఎందుకంటే 'ద బాంజో సాంగ్'ను ప్రపంచం పాడుకోలేదు. ఆ గిటార్ ఆరంభం, ఆ పల్లవి, ఆ బిగువు ఆయనవే.

అన్యాయం రోజ్ దగ్గరే ఆగలేదు. 'వీనస్' అనగానే లోకానికి గుర్తొచ్చేది వెరెస్ గొంతు. హంగరీకి చెందిన రోమా వయొలిన్ విద్వాంసుడి కుమార్తె ఆమె. లోతైన, ఖణేల్మనే ఆ స్వరం లేకపోతే డి వైల్డె కాలంలో మాదిరే బృందం ఇంటి గుమ్మం దాటేది కాదేమో. అయినా పాట ఎక్కడ మోగినా రచయిత రాయల్టీ రచయితకే వెళుతుంది. అందులో గాయనికి వాటా ఉండదు. 2006లో మరణించే వరకు ఆమె వేదికల మీద ఆ పాటలే పాడుతూ వచ్చారు. వాన్ లీవెన్‌కు మాత్రం 1970ల చివర్లోనే వేదికల నుంచి తప్పుకునే స్వేచ్ఛ దొరికింది. గెలాక్సీ-లిన్, మిస్ట్రల్ బృందాలతో చేసిన ప్రయత్నాలకు పాత స్థాయి విజయం దక్కలేదు.

హక్కుల విలువ 'స్టార్స్ ఆన్ 45' కథలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 'వీనస్' ప్రచురణ హక్కులు చేతిలో ఉన్న విల్లెం వాన్ కూటెన్ ఒక రికార్డుల దుకాణంలో ఓ డిస్కో మాలిక విన్నారు. అందులో ఆ పాట ముక్క ఉంది. తాను అనుమతి ఇవ్వలేదు కాబట్టి అది దొంగ రికార్డని వెంటనే అర్థమైంది. దావాలతో కాలం గడపకుండా, అదే ఆలోచనతో అనుమతులున్న మాలికను తానే తయారు చేయించారు. డచ్ రాక్ బృందం గోల్డెన్ ఇయరింగ్ మాజీ డ్రమ్మర్ యాప్ ఎగ్గెర్మాంట్‌కు ఆ బాధ్యత అప్పగించారు. ప్రచురణకర్తలు పట్టుబట్టడంతో అమెరికాలో ప్రతి పాట పేరూ శీర్షికలో చేర్చాల్సి వచ్చి, బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానం పొందిన అతి పొడవైన శీర్షికగా అది నిలిచింది. 'వీనస్' గిటార్ ఆరంభం ఆ రికార్డులో కొన్ని క్షణాలే ఉంటుంది. ఆ కొద్దిపాటి శబ్దం చాలు, హక్కుదారు తన సొత్తును గుర్తుపట్టడానికి.

మన దేశంతో నిజమైన బంధమున్న మరో కోణం ఉంది. 1969లో వచ్చిన 'ఎట్ హోమ్' ఆల్బమ్‌లో వాన్ లీవెన్ సితార్ పట్టారు. కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్ రచించిన 'అక్కా రాగా'ను అందులో వాద్యరూపంగా వినిపించారు. పాశ్చాత్య బృందాలన్నీ సితార్‌ను అలంకారంగా తగిలించుకుంటున్న కాలమది. వాన్ లీవెన్ కూడా రాగ లక్షణం జోలికి పెద్దగా పోలేదు. కానీ అదే ఆల్బమ్‌లోని 'లవ్ బజ్' వేరే సంగతి. ఒకే బేస్ గిటార్ వరుస ఆగకుండా తిరుగుతుంటే దాని మీద తూర్పు ఛాయల బాణీ పాములా మెలికలు తిరుగుతుంది. నా దృష్టిలో ఆయన అత్యుత్తమ రచన ఇదే, 'వీనస్' కాదు. ఎక్కడా ఎవరి బాణీ నీడా కనిపించదు, నడక పూర్తిగా ఆయనది.

సియాటిల్‌లోని సబ్ పాప్ సంస్థ 1988లో కేవలం 1000 ప్రతులతో విడుదల చేసిన అమెరికన్ రాక్ బృందం నిర్వాణ తొలి సింగిల్ ఈ పాటే. ఆ బృందం గాయకుడు కర్ట్ కోబెయిన్ రెండో చరణం వదిలేసి మొదటిదే మళ్లీ పాడారు, సితార్ స్థానాన్ని గిటార్ గోలతో నింపారు. బేస్ వరుసను మాత్రం వదల్లేదు. మరుసటి ఏడాది వచ్చిన 'బ్లీచ్' ఆల్బమ్‌లో ఆ బృందం సొంతంగా రాసుకోని పాట ఇదొక్కటే.